ఋషికొండ కెరటములపై ఒక ప్రాతఃకాలము

విశాఖపట్టణమున కాపురముండువారికి సముద్రము పొరుగింటివంటిది. దాని ఘోష అనుదినమును చెవిని పడుచునే యుండును. చుట్టములు వచ్చినప్పుడెల్ల వారిని వెంటబెట్టుకొని పోయి చూపుదుము. కాని లోనికి మాత్రము అడుగుపెట్టము. ఇరువది యేండ్లుగా ఈ యూర నుండియు మేము చీలమండ దాటి తడుపుకొని యెరుగము. మా వదినగారు పదియేండ్ల ప్రాయమున కార్తికస్నానమునకు వచ్చి, ఒక కెరటము త్రోసివేయగా పడి, నాటినుండి ఇసుకమీదనే కూర్చుండుట అలవరచుకొన్నారు.

ఇట్టి మమ్ములను కడచిన మాఘమాసమున మా అమ్మాయి ఋషికొండకు బయలుదేరదీసినది. మార్గదర్శకుని వెంట కయాక్ అను సన్నని పడవనెక్కి, తెడ్డు వేసికొనుచు కెరటములు దాటవలెనని దాని కోరిక. కళాశాలలో చదువుచున్న పిల్ల. ఈతకొలనులో రెండు నెలలు నేర్చుకొన్నది. ఒంటరిగా పంపుటకు మనసొప్పక మేమును, మమ్ము విడువలేక వదినగారును వెంట వెడలితిమి.

ఋషికొండ నగరమునకు ఉత్తరముగా, భీమునిపట్టణమునకు పోవు త్రోవలో నున్నది. 2020వ సంవత్సరమున ఈ తీరమునకు బ్లూ ఫ్లాగ్ అను అంతర్జాతీయపు గుర్తింపు లభించినది. మేము చేరునప్పటికి సూర్యుడు నీటినుండి జానెడు పైకి వచ్చియుండెను. మార్గదర్శకుడు జాలరి కుటుంబమున పుట్టిన యువకుడు. పడవను చూపుటకు ముందుగనే మమ్ము వరుసగా నిలువబెట్టి, "అమ్మా, ఈత వచ్చా? నిజం చెప్పండి. రాకపోతే తప్పు కాదు, దాచితేనే తప్పు," అనెను.

వదినగారు జంకక, "నాకు ఈత రాదు నాయనా. నీళ్లంటే భయము కూడ," అనిరి. మా అమ్మాయి నోరు తెరువకముందే మేము, "మా పిల్లకు బాగుగా వచ్చును. ఒంటరి పడవ ఈయవచ్చును," అని చెప్పితిమి. బిడ్డ విద్యను గూర్చి నలుగురిలో చెప్పుకొనవలెనను తల్లి గర్వమే మాచేత అట్లు పలికించినది.

అతడు మందహాసము చేసి తన పద్ధతిని వివరించెను. మొదటి తరగతివారు లైఫ్ జాకెట్ కట్టుకొని నడుములోతు నీటిలో నిలిచి కెరటము బలమును తెలిసికొందురు. లేదా అతని పడవలో ముందు కూర్చుందురు. రెండవ తరగతివారు తామే తెడ్డు వేయుదురు. అతడు వెనుక నుండును. ఒంటరిగా పోవుట మూడవది. ఏ తరగతియో నిర్ణయించునది వయస్సును కాదు, ఉత్సాహమును కాదు. పడవ తిరుగబడినప్పుడు మనిషి యేమి చేయునన్నదే.

ఇట్టి విభజన నదులయందును కలదు. మా పొరుగువారు ఋషీకేశమునకు యాత్ర పోయి, గంగపై గాలి నింపిన రబ్బరు తెప్పలలో సాగు ప్రయాణమును చూచి వచ్చి చెప్పిరి. నదిలోని ఉరవడులను ప్రపంచమంతటను 1 మొదలు 6 వరకు తరగతులుగా లెక్కింతురు. ఒకటవది చిరు అలలు గల నీరు. ఆరవది దాటుట దాదాపు అసాధ్యము. అచ్చట క్రొత్తవారిని బ్రహ్మపురి నుండి సుమారు 9 కిలోమీటర్లును, కొంత ధైర్యము గలవారిని శివపురి నుండి సుమారు 16 కిలోమీటర్లును తీసికొని వత్తురు. కౌడియాలా నుండి వచ్చు దీర్ఘప్రయాణము అనుభవజ్ఞులకే. వానకాలమున గంగ పొంగినప్పుడు ఎవ్వరికిని అనుమతి లేదు.

నదికిని సముద్రమునకును ఒక భేదము కలదు. నదిలో బండలమీద లేచిన అల ఉన్నచోటనే యుండును, నీరు పరుగెత్తును. సముద్రమున అల పరుగెత్తును, నీరు చాలవరకు ఉన్నచోటనే యూగును. తీరము చేరువై లోతు తగ్గినప్పుడు అల అడుగుభాగము మందగించును, తల ముందుకు తూలి తెల్లని నురుగై విరిగిపడును. దాటవలసినది ఆ నురుగునే.

మార్గదర్శకుడు మా అమ్మాయిని ఛాతీలోతు నీటిలోనికి తీసికొనిపోయి, పడవను తానే ఒరిగించి, మరల ఎక్కుమనెను. కొలనులోని నీరు కదలదు, ఉప్పగా నుండదు. పిల్ల ఒక గ్రుక్క మ్రింగి, కన్నులు మండి, పడవను విడిచి అతని భుజమును పట్టుకొన్నది. గట్టుననున్న మా గుండె ఝల్లుమన్నది. అతడు నెమ్మదిగా నిలువబెట్టి యొడ్డునకు తెచ్చెను. ఒక్క నిందావాక్యమైనను పలుకలేదు. ఆ మౌనమున మేము సిగ్గుపడితిమి. ఒంటరిగా పంపియున్న ఏమి జరిగియుండునో తలచుటకే భయము వేసినది.

పిమ్మట అతడు వదినగారిని తన పడవలో ముందు కూర్చుండబెట్టెను. వెంటనే బయలుదేరలేదు. పెద్ద కెరటములు గుంపులుగా వచ్చుననియు, గుంపునకును గుంపునకును నడుమ కొంత విరామముండుననియు అతడు చెప్పెను. ఆ విరామము కొరకు కాచియుండి, పడవ మూతిని కెరటమునకు సూటిగా నిలిపెను. అడ్డముగా తిరిగిన పడవ బోల్తాపడును. ఒకటి, రెండు, మూడు కెరటములు. మూడవదానియందు వదినగారి తల కూడ కనబడలేదు. మేము దేవుని తలచుకొనులోపల పడవ అవతల తేలినది.

ఆ దాపుననే ఇసుకమీద ఒక పాత తెప్ప యుండెను. తేలిక దుంగలను చెక్కి త్రాళ్లతో కట్టిన దానిని, ఫైబరు పడవలు వచ్చుటకు పూర్వము, మన జాలరులు నిత్యము ఈ నురుగునుండియే నడిపెడివారు. దుంగల సందులనుండి నీరు జారిపోవును గనుక అది మునుగదు. ఇప్పటి విశాఖ రేవు 1933లో తెరువబడినది. ఆ అక్టోబరు 7వ తేదీన జలదుర్గ అను ఓడ మొదట లోనికి వచ్చినది. అంతకు పూర్వము పెద్ద ఓడలు దూరమున నిలువగా, మనుష్యులును సరకులును పడవలలో కెరటములు దాటి తీరము చేరవలసియుండెను. ఆనాటి ప్రాణములన్నియు కెరటము నెరిగిన ఇట్టివారి చేతులలోనే యుండినవి.

అరగంటకు వదినగారు తడిసి ముద్దయై తిరిగి వచ్చిరి. "అవతల సముద్రమెంత నిమ్మళముగా నున్నదే! నలుబదియేండ్లు ఈ నాలుగు కెరటములకే జడిసితిని," అనిరి.

మా అమ్మాయి వారి చేయి పట్టుకొని, "అత్తయ్యా, నాకును భయమే. నేనును ముందే కూర్చుందును," అన్నది. ఆ మాట పలుకుటకు దానికి ఒంటరి పడవకంటె ఎక్కువ ధైర్యము కావలసివచ్చినదని మేమెరుగుదుము. దాని వంతు అయిన పిదప మేమును జాకెట్ కట్టుకొని నడుములోతున నిలిచి నాలుగు కెరటములు తిని వచ్చితిమి. మా తరగతి అదియే!

సోదరీమణులారా, మీరును పోదురేని శాంతమైన దినమున, ప్రాతఃకాలమున పొండు. వానలలోను, తుపాను దినములలోను తలపెట్టకుడు. జాకెట్ బిగువుగా కట్టుకొనుడు. లోనికీడ్చు ప్రవాహమున చిక్కిన ఎదురీదక, ఒడ్డు వెంబడి ప్రక్కకు సాగుడు. అన్నిటికంటె ముందుగా, అడిగినవానికి ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. బిడ్డల తరఫున చెప్పునప్పుడు మరింత నిజముగా చెప్పుడు.