ప్యాకింగ్

గ్యాస్కెట్ అనగానే మనకి గుర్తొచ్చేది కుక్కరు. మూత పక్కనుంచి ఆవిరి కారుతూ విజిల్ రాకపోతే రబ్బరు సాగిపోయిందని తెలుసుకోవడానికి ఏ ఆడపిల్లా ఇంజనీరింగ్ చదవనక్కర్లేదు. ఆ వస్తువే బండి ఇంజనులో ఉంటే మాత్రం మగవాళ్ల విద్య అయిపోతుంది. పేరూ మారిపోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో దాన్ని ప్యాకింగ్ అంటారు.

మాది 2001 మోడల్ టాటా సుమో. నాన్న కొన్నది. ఆయన పోయాక దాన్ని అమ్మెయ్యమని చెప్పని బంధువు లేడు. నేను నూజివీడు, తిరువూరు వైపు పల్లెల్లో దంపుళ్ల పాటలు సేకరిస్తున్నాను. బస్సు వేళల్ని నమ్ముకుంటే ఆ పని సాగదు. పైగా అమ్మ పక్కన ఉంటే తప్ప ఆ ముసలమ్మలు నోరు విప్పరు. పీహెచ్‌డీ పట్టా వాళ్ల దగ్గర ఎందుకూ కొరగాదు. అందుకని ఆ బండీ, అమ్మా ఇద్దరూ నా పరిశోధనలో భాగమే.

మొన్న చలికాలంలో పొద్దున్నే స్టార్ట్ చేస్తే టకటకమని శబ్దం. పది నిమిషాలు నడిచాక అదే తగ్గిపోయేది. లోపల పొగ వాసన. ఊరు చేరేసరికి అమ్మకి తలనొప్పి. ఇంజను సిలిండర్లలోంచి వచ్చే పొగని ఒకచోట చేర్చి సైలెన్సర్ గొట్టంలోకి పంపే పోత ఇనుప భాగాన్ని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అంటారు. దానికీ ఇంజనుకీ మధ్య ఉండే ప్యాకింగ్ కాలిపోతే ఆ సందులోంచి పొగ బయటికి తంతుంది. ఇనుము వేడెక్కి సాగితే సందు మూసుకుంటుంది కనక శబ్దం ఆగుతుంది. ఆగింది కదా అని ఊరుకోవడం మన సంసారాల్లో బాగా అలవాటైన పద్ధతే. కానీ డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని 2012లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ తేల్చింది. దాన్ని పీలుస్తున్నది మా అమ్మ.

మొదటి షెడ్డులో "సార్‌ని పంపండి మేడం, మాట్లాడతాను" అన్నారు. ఏ సార్‌ని పంపాలి? రెండో షెడ్డులో పెద్దాయన ఒకరు అవేవీ అడగలేదు. బండి చల్లారేదాకా ఆగి, మళ్లీ స్టార్ట్ చేయించి, చెవి పెట్టి విన్నారు. అతుకు దగ్గర మసి చారని నాకు చూపించారు. తుప్పు పట్టిన స్టడ్డులకి నూనె పోసి, "రేపు రామ్మా, తొందరపడితే విరిగిపోద్ది" అన్నారు. మర్నాడు ఒకటి విరగనే విరిగింది. మొండానికి నట్టు వెల్డింగ్ చేసి, ఆ వేడిమీదే పానా వేసి తిప్పితే మెత్తగా ఊడొచ్చింది. ఈ విద్య ఏ పుస్తకంలో చదువుకున్నారో అడగాలనిపించింది. ముసలమ్మల్ని కూడా నేను అలాగే అడుగుతాను.

మానిఫోల్డ్ దించాక పాత ప్యాకింగ్ ఇంజనుకి అట్టకట్టి ఉంది. పద్ధెనిమిదేళ్లు నిండాయో లేదో, కుర్రాడొకడు దాన్ని పొడిగా గీకి, కంప్రెసర్ గొట్టంతో ఊదబోయాడు. వద్దన్నాను. పాత బండ్ల ప్యాకింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు. ఇందులో ఉందో లేదో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు.

దీని ముప్పుని మొదట రాతలో పెట్టినవాళ్లలో ఒక స్త్రీ ఉంది. లూసీ డీన్ బ్రిటన్‌లో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు. ఆస్‌బెస్టాస్ దుమ్ము గాజు ముక్కల్లా పదునైనదనీ, కార్మికులకి హాని చేస్తోందనీ 1898 నివేదికలోనే రాసింది. రాసింది ఆడది, పీలుస్తున్నది కూలివాళ్లు. ఎవరికి పట్టింది? రోచ్‌డేల్‌లో ఆస్‌బెస్టాస్ నూలు వడికే నెల్లీ కెర్షా 1924లో, 33 ఏళ్లకే, ఊపిరితిత్తులు పాడై చనిపోయింది. నాదీ ఇంచుమించు ఆ వయసే. 1965లో మ్యూరియల్ న్యూహౌస్ అనే వైద్యురాలు లండన్ రోగుల చరిత్రలు తవ్వితే, ఫ్యాక్టరీ గడప తొక్కని ఆడవాళ్లూ బయటపడ్డారు. వాళ్లు చేసిందల్లా మొగుళ్ల పనిబట్టలు దులిపి ఉతకడం. బ్రిటన్ దీన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. లూసీ డీన్ రాసిన నూటొక్క ఏళ్లకి.

"ముప్పై ఏళ్లుగా ఊదుతున్నామమ్మా, ఏమైంది?" అన్నారు మేస్త్రి, నవ్వుతూనే. ఈ జబ్బు బయటపడటానికే ముప్పై నలభై ఏళ్లు పడుతుందని చెప్పాను. చెప్పడానికి నాకేమీ సంతోషంగా లేదు. ఆయన కాసేపు తన చొక్కా వంక చూసుకున్నారు. "ఇంట్లో ఆవిడే ఉతుకుద్ది" అన్నారు.

కుర్రాడు నీళ్లు చల్లి, తడిపి తడిపి గీకాడు. తడిగుడ్డతో తుడిచిన చెత్తని సంచిలో కట్టాడు. మందుల షాపు నుంచి నేను తెచ్చిన ఎన్-95 మాస్కు మాత్రం ఉక్కగా ఉందని రెండుసార్లు తీసేశాడు. రెండుసార్లూ మేస్త్రే కసిరి పెట్టించారు.

మానిఫోల్డ్ కాస్త వంగి ఉంటే లేతు షాపులో ఫేసింగ్ చేయించారు. కొత్త ప్యాకింగ్, ఆస్‌బెస్టాస్ లేనిదని పెట్టె మీద చూసి కొన్నది, వేశారు. నట్లు ఒక చివరినుంచి వరసగా బిగించకూడదట. మధ్యలోంచి మొదలుపెట్టి అటూ ఇటూ, కొంచెం కొంచెంగా బిగించాలి. చివరి చుట్టు పానా నా చేతికిచ్చారు. "రెండొందల కిలోమీటర్లు తిరిగాక చల్లారిన బండి మీద మళ్లీ ఒక పట్టు పట్టాలి, ఇంత దూరం ఎందుకు, మీరే పట్టుకోండి" అన్నారు. ఆదివారం మా వాకిట్లో ఆ పని చేస్తుంటే అమ్మ టార్చి పట్టుకుంది. పక్కింటాయన గేటు దగ్గర నిలబడి ఏమైంది, ఏమైందని అడుగుతూనే ఉన్నాడు.