ఆస్టిన్‌లో మన నల్లరేగడి

అమెరికాలో మన నల్లరేగడి లాంటి నేల ఉందంటే నమ్ముతారా? టెక్సాస్‌లోని ఆస్టిన్‌కి వెళ్లి చూడండి. ఊరి మధ్యలోంచి పోయే ఐ-35 హైవేకి తూర్పున చాలావరకు నల్లమట్టే. ఎండకి నెర్రెలిస్తుంది, వానొస్తే చెప్పుల్ని పట్టుకుని వదలదు. అచ్చం మన ఆదిలాబాద్ పత్తి చేలలాగే. హైవే దాటి పడమరకి వెళ్తే సున్నపురాయి గుట్టలు, వాటి మీద బెత్తెడు మట్టి.

తడిగా ఉండే తూర్పుకీ, ఎండిపోయిన పడమరకీ మధ్య సరిహద్దులో ఉందీ ఊరు. వాన ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్లు. తక్కువేం కాదు, కానీ మనకిలా వానాకాలం అంటూ లేదు. కురిస్తే వరద, లేదంటే నెలల తరబడి చుక్క పడదు. వేసవిలో 40 డిగ్రీల ఎండ. 2021 ఫిబ్రవరిలోనైతే మైనస్ 14 దాకా పడిపోయింది.

మా అక్కావాళ్లు ఉండేది ఆ నల్లమట్టి వైపే. ఆ చలికి మల్లె, మందారం, పెరట్లో మామిడి అన్నీ మాడిపోయాయి. ఇంటిముందు పచ్చికదేమో ఇంకో బాధ. "దానికి నీళ్లు పోసీ పోసీ బిల్లు కట్టలేక చచ్చాం రా" అంది అక్క.

ఇక్కడి మొక్కలేవో తెలుసుకుందామని బావ వైల్డ్‌ఫ్లవర్ సెంటర్‌కి తిరిగాడు. మాజీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్య లేడీ బర్డ్, నటి హెలెన్ హేస్‌తో కలిసి 1982లో పెట్టిన సంస్థ అది. టెక్సాస్ మొక్కలెన్నో పేర్లతో సహా కనిపిస్తాయి. ఆస్టిన్ వెళ్తే తప్పకుండా చూడండి.

పచ్చిక పీకడం మొదలెట్టగానే కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. అయితే నీళ్లు తక్కువ తాగే తోటల్ని అసోసియేషన్లు నిషేధించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. ప్లాన్ చూపించమని మాత్రం అడగొచ్చు. బావ ప్లాన్ గీసిచ్చాడు, గొడవ అంతటితో సరి.

నేను వెళ్లింది అక్టోబర్‌లో. అక్కడ మొక్కలు నాటేదీ అప్పుడే, వేసవిలోపు వేళ్లు దిగాలి కదా! మొదటి ఏడాది మాత్రం నీళ్లు పోయక తప్పదు. వెండిరంగు ఆకుల సెనీజోకి వేళ్ల దగ్గర తడి నిలిస్తే కుళ్లిపోతుంది. అందుకే కంకర కలిపి గుట్టలా పోసి, దానిమీద పెట్టారు. గాలిలో తేమ పెరగ్గానే పొదంతా ఊదారంగు పూలే. చెట్టు నీడలో టర్క్స్ క్యాప్. మందారం కుటుంబమే గానీ పువ్వు పూర్తిగా విచ్చుకోదు. చలికి పైన ఎండిపోయినా వేసవి నాటికి మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. పక్కనే నీలం మిస్ట్‌ఫ్లవర్ మీద సీతాకోకచిలుకలు. మెక్సికోకి వలసపోయే మోనార్క్‌లు ఆ నెలలో ఇటుగానే వెళ్తాయి.

మెస్కీట్ చెట్టుని మాత్రం అక్క రానివ్వలేదు. మన సర్కారు తుమ్మకి అది దాయాది. "చిన్నప్పుడు కాళ్లలో దిగిన ముళ్లు చాలు" అంది.

ఇక కరివేపాకు. దాన్ని నేలలో పెట్టే ధైర్యం చేయలేదు. చక్రాల తొట్టిలో ఉంది. చలి హెచ్చరిక రాగానే గరాజ్‌లోకి తోసేసి, కారు బయట పెడతారు. అలాంటి రాత్రి వాళ్ల వీధిలో కారు బయటుందంటే అది తెలుగువాళ్ల ఇల్లేనట.