చేతికి బరువు కాని చీపురు

సంక్రాంతి వెళ్లాక అరకు దారిలో కార్లు ఆపినవాళ్లు కాఫీపొడి కొంటారు, బొంగులో చికెన్ తింటారు. ఇంట్లో రోజూ ఊడ్చేవాళ్ల చూపు మాత్రం కొండచీపుళ్ల కట్టల మీదికి పోతుంది. విశాఖలో ఉండే ఓ రిటైర్డు టీచరమ్మదీ అదే వరస. కాడ చివర రెండువేళ్లతో పట్టుకుని ఎత్తి చూస్తారు. మణికట్టు లాగకూడదు. ఓసారి విదిలిస్తారు, నూగు మరీ రాలితే పక్కన పెట్టేస్తారు. కట్టు బిగువు చూడ్డం ఆఖర్న.

ఆ చీపురు నిజానికి ఓ గడ్డి పూగుత్తి. కొండవాలున మనిషెత్తుకు మించి పెరుగుతుంది. జనవరి నుంచి మార్చి దాకా కోత. తొందరపడితే కుచ్చు ముదరదు, ఆలస్యమైతే పూత రాలిపోయి బోడిదవుతుంది. దుబ్బును వేళ్లతో పీకకుండా కొడవలితో కోస్తేనే మళ్లీ ఏడు చిగురిస్తుంది. ఆకు అంచు కత్తిలా ఉంటుంది, కోసేవాళ్ల చేతులు గీసుకుపోతాయి. ఎండబెట్టి, కట్టలు కట్టి, నెత్తిన పెట్టుకుని సంతకు దిగాలి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనె, చింతపండుతో పాటు వీటినీ కొంటుంది. అటవీ ఫలసాయం మీద గిరిజనులకు యాజమాన్య హక్కు ఉందని 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. ఇంతా తెలిసి రోడ్డు పక్కన పదిరూపాయల కోసం గీసిగీసి బేరమాడేవాళ్లను ఏమనాలి!

పేడతో అలికిన నేలకు ఈ చీపురు బాగా నప్పుతుంది. అలుకు లేవకుండా దుమ్ము మాత్రమే పోతుంది. వాకిలి కడగడానికి కొబ్బరి ఈనెలది ఎలాగూ ఉంది. టీచరమ్మ ఇంట్లో ఇప్పుడు నున్నటి టైల్స్. వాటి మీదా ఇదే హాయి. చిక్కల్లా మోకాళ్లు, నడుమూ. దానికితోడు ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్ముకు తుమ్ములు. అందుకే కొడుకు వాక్యూమ్ క్లీనర్ కొంటానన్నాడు.

అమెరికాలో ఈ యంత్రాన్ని చేతపట్టే సైజుకు తెచ్చిన జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ కూడా ఊడ్చే ఉద్యోగం చేసినవాడే. ఆస్తమా మనిషి. ఫ్యాను మోటారుకు చీపురుకర్ర, దిండుగలీబు తగిలించి తయారుచేశాడు. 1908లో పేటెంటు వచ్చింది.

షాపులో టీచరమ్మ పరీక్ష మళ్లీ మొదలు. పెట్టె మీద రాసిన కిలోలు చూస్తే చాలదు, ఆ బరువు ఎక్కడ పడుతుందో చూడాలి. మోటారు పిడి దగ్గరే ఉన్న కర్ర రకం తూకానికి తక్కువే, పది నిమిషాలకు మణికట్టు పీకుతుంది. నేల మీద జారే డబ్బా రకం బరువెక్కువైనా చేతికొచ్చేది గొట్టమే. తివాచీల కోసం పెట్టిన గట్టి బ్రష్షు ఉత్త నేల మీద బియ్యపు గింజల్ని వెనక్కి చిమ్ముతుంది. దాన్ని ఆపే మీట గానీ, మెత్తటి కుచ్చున్న మూతి గానీ ఉండాలి. చక్రాలకు రబ్బరు ఉందో లేదో తడిమి చూడాలి, టైల్స్ మీద గీతలు పడితే పోవు. ఇంట్లో తుమ్మేవాళ్లుంటే వడపోత సంగతి మరీ అడగాలి. లేకపోతే పీల్చిన సన్నదుమ్ము వెనకనుంచి మళ్లీ గదిలోకే.

చివరికి డబ్బా రకమే కొన్నారు. మంచాల కిందకూ, టైల్స్ సందులకూ అది. కరెంటు పోయినప్పుడూ, వంటింట్లో చిందిన పోపుగింజలకూ కొండచీపురే. దీపాలు పెట్టాక ఇల్లు ఊడిస్తే లక్ష్మి వెళ్లిపోతుందంటారు కదా, యంత్రానికి ఆ పట్టింపేమిటని కొడుకు నవ్వుతాడు. అయినా సందెవేళ దాటాక టీచరమ్మ దాని స్విచ్ వెయ్యనివ్వరు.