కామాలు లేని వాక్యం

ప్రూఫులు దిద్దుతూ జీవితం గడిపినవాడికి కామా లేని వాక్యం కంటిలో నలుసు వంటిది. అటువంటి నా చేతికి పీటర్ కేరీ నవల ‘ట్రూ హిస్టరీ ఆఫ్ ది కెల్లీ గ్యాంగ్’ వచ్చింది. 2000లో వెలువడి, మరుసటి సంవత్సరం బుకర్ బహుమానం పొందిన రచన అది. అందులో కథకుడి మాటలలో కామాలే లేవు!

ఆ కథకుడు నెడ్ కెల్లీ. ఐర్లండు నుంచి ద్వీపాంతర శిక్షపై ఆస్ట్రేలియాకు వచ్చిన ఖైదీ కుమారుడు. పోలీసులను ఎదిరించి, 1880 నవంబరు 11న మెల్బోర్న్ చెరసాలలో ఉరికంబమెక్కిన బందిపోటు. చదువు స్వల్పం. కేరీ అతనిచేత కుమార్తెకు తన కథ వ్రాయించాడు. ఆ కుమార్తె నవలాకారుని కల్పన.

మొదటి పుటలలో నా వేళ్లు ఎర్రసిరా కలం కోసం తడుముకొన్నాయి. తరువాత పైకి చదవనారంభించాను. ఊపిరి ఆగిన చోటనే మాట విరుగుతున్నది. గుర్రమూ బురదా తల్లీ ఆకలీ ఒకే వాక్యంలో ఒకదానినొకటి తోసుకొంటూ వస్తాయి. వెనుక పోలీసులు తరుముతున్నవాడి మాట కదా, ఆ తొందరే లయ అయింది. కూతురు చదువుతుందని బూతుల స్థానంలో ‘విశేషణ’మనే వ్యాకరణ పదాన్ని పెడతాడు. ఆ కరకు మనిషి పితృహృదయమంతా అక్కడ ఉంది.

ఈ గొంతు పూర్తిగా కేరీ సృష్టి కాదు. 1879 ఫిబ్రవరిలో జెరిల్డెరీ అనే ఊరిలో బ్యాంకు దోచినప్పుడు కెల్లీ వెంట సుమారు 8,000 మాటల ఉత్తరమొకటి ఉంది. అతడు చెప్పగా అనుచరుడు జో బర్న్ వ్రాసినది. అందులో పోలీసుల తలలను వాంబాట్ తలలతోనూ, కాళ్లను మేగ్‌పై పిట్ట కాళ్లతోనూ పోల్చి తిడతాడు. వాంబాట్ అంటే బొరియలలో నివసించే ఆ దేశపు బొద్దు జంతువు. ఇంగ్లండు కవుల పచ్చిక బయళ్లలో దొరికే ఉపమానం కాదది. ఆ మట్టిలోనే మొలిచిన తిట్టు. అది కవిత్వం కాదంటే నేను ఒప్పుకోను.

ఉత్తరాన్ని అచ్చు వేయించాలని కెల్లీ కోరిక. కాని ఆ ఊరి పత్రికాధిపతి అప్పటికే పారిపోయాడు. బ్యాంకు ఉద్యోగి చేతికిస్తే అది అధికారులకు చేరింది. కెల్లీ బ్రతికి ఉండగా పూర్తి పాఠం వెలుగు చూడలేదు. ఒక విధంగా అదే మేలయిందేమో! నా వంటివాడెవడో దానిని దిద్ది అచ్చువేసి ఉంటే చక్కని విన్నపపత్రం మిగిలేది, కెల్లీ మిగిలేవాడు కాదు. కేరీ యౌవనంలో చదివి చలించిపోయినది దిద్దుబాటు సోకని ఆ మాటలనే. మూలప్రతి నేడు మెల్బోర్న్‌లోని విక్టోరియా రాష్ట్ర గ్రంథాలయంలో ఉంది.