కంటికి ఆనని వెలుగు

మరమగ్గాల మోత నడుమ నగరిలో టీవీ వినాలంటే ధ్వని పెంచే మీటను తరచూ నొక్కవలసిందే. మా అమ్మ రిమోట్‌లో మొదట మూగవోయినది అదే. కొత్తది కొందామంటే ఆమె ఒప్పుకోలేదు. చూపు మందగించిన అమ్మ అరవ వార్తలనుండి తెలుగు పాటలకు వేళ్ళ గుర్తుతోనే చేరుకుంటుంది.

బ్యాటరీలు మార్చినా ఫలితం లేకపోయింది. సెల్‌ఫోను కెమెరా ఎదుట మీటలన్నీ నొక్కి చూశాను. తక్కినవాటికి రిమోట్ కొసన ఊదావెలుగు మిణుకుమంది, దీనికి లేదు. 1800లో విలియం హెర్షెల్ ఎండలో కనుగొన్న పరారుణ కిరణాలే అవి; కంటికి ఆనవు, చాలా కెమెరాలకు చిక్కుతాయి. అంటే దోషం టీవీది కాదు, ఆ మీటదే.

విప్పితే, మీట అడుగున ఉండే నల్లని కర్బనపు పూత అరిగిపోయింది. సన్నని వెండికాగితం ముక్క అంటించాను. అమ్మ వేలు వెదుక్కోకుండానే దానిమీద వాలింది.

రిమోట్ పారవేసేముందు మీరూ ఒకసారి కెమెరాకు చూపించండి.