కంపలో ఉన్నవాటినీ ఎరిగిన దేవుడు



పెదకూరపాడు చుట్టుపక్కల పత్తి, మిరప పండించుకునే వాళ్ళం మనం. దున్నని నేల కనబడితే "ఉత్త కంప, ఎందుకూ పనికిరాదు" అనేస్తాం. ఈ వారం ఆ మాట గురించే మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాము. మన రాష్ట్రంలోనే, కడప జిల్లా లంకమల అడవుల అంచున అలాంటి కంపలోనే బతికే ఒక పిట్ట ఉంది. దాని పేరు కలివికోడి.

పగలు పొదల్లో దాక్కుంటుంది. చీకటి పడ్డాక నేల మీద పరుగెత్తుతూ పురుగులు ఏరుకుంటుంది. జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడి ద్వారా 1848లో దీని సంగతి లోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు వెతుకుతుండగా రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. రాత్రివేళ దాన్ని పట్టి తెచ్చింది అక్కడి పిట్టల వేటగాడు. గ్రంథాలు చదివినవారికి అందనిది, మనం పక్కన కూర్చోబెట్టుకోని మనిషికి దొరికింది.

ఆ 86 ఏళ్ళూ ఆ పిట్ట బతికే ఉంది. గుడ్లు పెట్టింది, పిల్లల్ని లేపింది. మనుషుల లెక్కలో లేదు గానీ దేవుని లెక్కలో ఉంది. పిచ్చుక నేల రాలినా తండ్రికి తెలియకుండా రాలదని ప్రభువు నేర్పింది ఇదే కదా! యోబు గ్రంథం 38వ అధ్యాయం చదవండి. మనిషే లేని ఎడారి మీద కూడా దేవుడు వాన కురిపిస్తాడని అక్కడ చూస్తాము. మనకు పనికిరాని నేల ఆయనకు పనికిరానిది కాదు.

నేడు కలివికోడి అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. కంప కొట్టి పొలం చేయడం, వంటచెరకు నరకడం, కాలువలు తవ్వడం దాని చోటును తగ్గించాయి. తెలుగుగంగ కాలువ పనులు అది తిరిగే చోటికే వస్తే, చివరికి కాలువ దారి మార్చారు. సాగర్ నీటి విలువ ఎరిగిన పల్నాటి వాళ్ళం మనం. రైతుకు నీళ్ళు కావాలి. అయినా ఒక పిట్ట కోసం కాలువ కాస్త పక్కకు జరగగలిగింది.

ప్రియులారా, గట్టు మీది కంపకు నిప్పు పెట్టేముందు ఒక్కసారి ఆగి చూడండి. అందులో గూడు ఉందేమో. అలాగే మన ఊళ్ళో "వాడెందుకూ పనికిరాడు" అనిపించుకున్న మనిషి ఎవరో మీకు తెలుసు. ఈ ఆదివారం లోపు వారి గడప తొక్కండి. దేవుడు లెక్కపెట్టిన వారిని లెక్కలోంచి తీసేసే అధికారం మనకు లేదు.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.