ఒక్క వీణకే చోటుంది

పోయిన వేసవిలో మేము చిత్తూరు ఇల్లు బాడుగకిచ్చేసి తిరుపతికి మారాం. ఆయన ఆఫీసు అక్కడికి మారింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అమ్మ కూడా పల్లె వదిలి మా దగ్గర ఉంటానని ఒప్పుకుంది. తిరుపతిలో దొరికింది మూడో అంతస్తులో రెండు పడక గదుల ఫ్లాటు. అమ్మ మంచం వేసి, మందులకు ఓ చిన్న బల్ల పెట్టి, ఆమె వాకర్ తిరగడానికి చోటు వదిలితే చివరికి ఒక మూల మిగిలింది. ఆ మూలలో ఒక వీణ పడుతుంది. నా దగ్గర రెండున్నాయి.

వీణ మంచి పొడుగు వస్తువు. గిటారులా మేకుకు తగిలించడానికి కుదరదు. ఒకదాని మీద ఒకటి పెట్టలేం. అటక మీదికి ఎక్కిస్తే ఎండాకాలం వేడికి దాని మైనం మెత్తబడి మెట్లు కదిలిపోతాయి. అంటే రెండో వీణకి ఇంట్లో చోటు లేనట్టే.

సర్దడానికి బెంగళూరు నుంచి వచ్చిన మా పాప నా మొహం చూసి అడిగింది. "ఒక్కటే పెట్టుకోవాలంటే ఏది పెట్టుకుంటావు మా?"

"అమ్మ కొనిచ్చిందే. అందులో ఆలోచించేదేముంది" అన్నాను వెంటనే. అనేశాక పక్క గదిలో పుస్తకాలు కట్ట కడుతున్న మా ఆయన చేతుల చప్పుడు ఆగింది.

అమ్మ వీణ అంటున్నాను కానీ మా అమ్మకి వీణ రాదు. చిత్తూరు దగ్గర పల్లెలో రెండు ఆవులు, ఇంత చెనిక్కాయల చేను. అదీ ఆమె లోకం. కానీ ఇంట్లో రేడియో ఉండేది. రేడియోలో చిట్టిబాబు గారి వీణ వచ్చిందంటే పాలు పితికే చేయి ఆగేది. "కోయిల కూసినట్టే ఉందే" అనేది. ఆయనది కాకినాడ అనీ, ఈమని శంకరశాస్త్రి గారి శిష్యుడనీ నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అమ్మకి అవేవీ అక్కర్లేదు. ఆ చప్పుడు తన ఇంట్లో వినపడాల. అంతే.

నాకు పదేళ్ళప్పుడు, 1984లో, చిత్తూరులో ఒక సంగీతం టీచరమ్మ తన పాత వీణ అమ్ముతోందని తెలిసింది. అమ్మ పాల డబ్బుతో ఇరవై నెలల చీటీ కడుతోంది. అది పాడి, 1,800 రూపాయలకి ఆ వీణ కొనేసింది. ఆ చీటీ డబ్బు ఇంటి పైకప్పుకని నాయన లెక్కేసుకున్నాడు. ఆ ఏడు వాన కారినప్పుడల్లా గిన్నెలు పెట్టుకుంటూ "వీణ కొనింది మీ అమ్మ" అనేవాడు. "సుబ్రహ్మణ్య పిళ్ళై పుట్టిన జిల్లాలో ఉండి పిల్లకి పాట రాకపోతే ఎట్ల?" అని అమ్మ ఎదురడిగేది. చిత్తూరు పేరునే ఇంటిపేరులా మోసి, 1954లో మద్రాసు సంగీత అకాడమీ నుంచి సంగీత కళానిధి అందుకున్న విద్వాంసుడాయన. ఆ మాట టీచరమ్మ అమ్మకి నేర్పించి పంపింది. నాయన మీద బాగానే పనిచేసింది.

అది తంజావూరు పద్ధతి వీణ. పనస చెక్క. కుండ, దండి, చివర యాళి ముఖం విడివిడిగా చేసి అతికించినది. నాలుగు వాయించే తీగలు, పక్కన మూడు తాళం తీగలు, 24 మెట్లు. ఈ రూపం 17వ శతాబ్దంలో తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపడిందని చెబుతారు. తమిళ దేశంలో కూర్చుని తెలుగులో కావ్యాలు రాసిన రాజు ఆయన. తమిళం, తెలుగు కలిసిపోయిన మా చిత్తూరు వాళ్ళకి అందులో వింతేమీ అనిపించదు.

రెండోది బొబ్బిలి వీణ. అది మా ఆయన కానుక.

2016లో మా పెళ్ళయి ఇరవై ఏళ్ళు. ఆయనతో పనిచేసే ఒకాయనది విజయనగరం వైపు. ఆయన్ని తోడు తీసుకుని మా ఆయన బొబ్బిలి పక్కన గొల్లపల్లి దాకా వెళ్ళారు. అక్కడ తరతరాలుగా వీణలు చేసే కుటుంబాలున్నాయి. ఒకే పనస దుంగను తొలిచి కుండ, దండి అంతా ఒక్క ముక్కగా తీస్తారు. ఏకాండి వీణ అంటారు. ఎక్కడా అతుకుండదు. వచ్చేటప్పుడు రైల్లో బెర్తు మీద వీణని పడుకోబెట్టి, తాను రాత్రంతా కాళ్ళ దగ్గర కూర్చుని వచ్చారు. తెల్లారి ఇంటికొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళలో ఆయన నాకోసం అంత దూరం ఎప్పుడూ పోలేదు.

ఇప్పుడు ఆ వీణ వద్దనాలి. ఎట్లా?

పాపకి ఒక ఉపాయం తట్టింది. మూడేళ్ళ కిందట బెంగళూరులో దాని గిటారు కొనడానికి నేనూ వెళ్ళాను. దుకాణంలో అయిదు గిటార్లు ఒళ్ళో పెట్టుకుని చూసింది. మెడ వంకర పోయిందేమోనని ఒక కన్ను మూసి చూసింది. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎంత ఎత్తులో ఉందో చూసింది. ఎత్తు ఎక్కువైతే వేళ్ళు నొప్పెడతాయట. తర్వాత ఒక్కో తీగ మీటి, అది ఎంతసేపు మోగుతుందో చెవి పెట్టి వింది. నన్ను అటు తిరిగి నిలబడమని, ఏది బాగుందో చెప్పమంది. చివరికి అన్నిటికన్నా ఖరీదైనదీ వదిలేసింది, నేను బాగుందన్నదీ వదిలేసింది. నడిమధ్య ధరది తీసుకుంది. "ఇది పట్టుకుంటే నా చేతికి ఏమీ చెప్పాల్సిన పని లేదు మా" అంది. ఇప్పుడు అది హాస్టల్లో పడుకునే ముందు రోజూ కాసేపు వాయించుకుంటుంది.

ఆ పరీక్షే నాకూ పెట్టింది. నేను వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడ్డాను. పాప రెండు వీణల మీదా మంద్రం తీగ మీటింది. చప్పుడు పూర్తిగా ఆగేదాకా వినమంది.

మొదటిది మోగి, కాసేపటికే ముడుచుకుపోయింది. రెండోది అలా సాగి సాగి, నేను ఊపిరి వదిలేదాకా వినిపించింది. "ఇదే, అమ్మది" అన్నాను ధైర్యంగా. తిరిగి చూస్తే పాప చేయి బొబ్బిలి వీణ మీద ఉంది. మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ అదే చెప్పాను.

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళుగా అమ్మ వీణ స్వరం ఇంక దేనికీ రాదని అందరికీ చెప్పుకున్నదాన్ని. నిజానికి దాని అతుకుల్లో ఒకటి వదులైంది. మెట్ల కింద మైనం ఎండి బీటలిచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న మా ఆయన ఏమీ అనలేదు. ఆ రెండు రోజులూ అన్నం పెడితే తిన్నారు, టీ ఇస్తే తాగారు. మాట లేదు.

రెండో రోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ముందు బొబ్బిలి వీణ. పట్టుబట్ట తీసి, మడిచి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని పట్టుకున్నాను. నా వీపు దానంతటదే బిగుసుకుంది. గోరు గీసుకుంటుందేమో, ఉంగరం తగులుతుందేమో అన్న భయం. అప్పుడు లెక్కేసుకున్నాను. ఇన్నేళ్ళలో దాన్ని ఎన్నిసార్లు వాయించాను? దసరాకి సరస్వతి పూజ రోజు, బంధువులొచ్చినప్పుడు. పదిహేనుసార్లు కూడా ఉండదు. మనిషి రాత్రంతా నిద్ర మానుకుని తెచ్చిన దాన్ని నేను దేవుడి పటం చేసి కూర్చోబెట్టాను.

తర్వాత అమ్మ వీణ తీసుకున్నాను. పెళ్ళయిన కొత్తలో అత్తమ్మ నిద్రపోయాక మూడింటికి వంటింటి పక్క గదిలో మెల్లగా వాయించుకున్నది దీన్నే. కుక్కర్ మూడో కూత వినపడితే ఆపేదాన్ని. పాప ఒళ్ళో ఉన్నప్పుడూ వదల్లేదు. దండి అంచున ఇప్పటికీ సన్నగా రెండు గాట్లుంటాయి. దానికి పాలపళ్ళు వస్తున్నప్పుడు కొరికింది. ఒకచోట నూనె మరక. సంగటి కెలికిన చేయి సరిగా కడుక్కోకుండా వచ్చి కూర్చున్న రోజుది. కళ్ళు మూసుకుంటే నా ఎడమ చేయి చూడకుండానే మెట్ల మీదికి పోయింది. అపస్వరం పలికే ఆ రెండు మెట్ల దగ్గర వేలు తానే కాస్త పక్కకి జరిగింది. పాప దుకాణంలో అన్న మాట అప్పుడర్థమైంది.

చెవి ఒకటి చెప్పింది, చేయి ఇంకొకటి చెప్పింది. నేను చేతి మాట విన్నాను.

కానీ అది ఆయనకి చెప్పాలి కదా. ఆ రాత్రి అన్నాను. "మీరు తెచ్చిందే మంచి వీణ. అందులో అనుమానం లేదు. తప్పు నాది. దాన్ని పట్టుకోవడానికే భయపడ్డాను. ఇంకో పదేళ్ళు నా దగ్గరే ఉన్నా అట్లే పట్టుబట్ట కింద ఉంటుంది."

ఆయన చాలాసేపటికి అన్నారు. "నేను బట్ట కప్పి పెట్టుకోమని తేలేదు."

"అందుకే. వాయించేవాళ్ళ దగ్గరికి పోనిద్దాం."

తిరుపతిలో 1959 నుంచి వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ వీణ నేర్చుకుంటున్న ఒక పిల్ల సంగతి నాకు తెలుసు. మా పాప స్నేహితురాలి చెల్లెలు. ఇంట్లో సొంత వీణ లేదు. సాధన అంతా తరగతిలో ఉన్నంతసేపే. అమ్మడం మా ఇద్దరికీ మనసొప్పలేదు. ఊరికే ఇస్తే వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. చివరికి ఆ పిల్ల చేతుల మీదుగా 116 రూపాయలు తాంబూలంలో పెట్టి తీసుకున్నాను. వీణని కిందికి దింపి కారులో పెట్టింది మా ఆయనే. ముందు సీటు వెనక్కి వాల్చి, దిండ్లు సర్ది, బెల్టు కూడా పెట్టారు. ఆ పిల్ల సారణి తీగ మీటగానే ఇల్లంతా మోగింది. ఆయన మొహంలో రైలు దిగిన నాటి నవ్వు కనపడింది. తిరిగొస్తూ, "ఆ పిల్ల చేతిలో బాగా పలికింది కదా" అన్నారు. "నా చేతిలో కంటేనా?" అన్నాను. "అది నువ్వెప్పుడు వాయించావు గనక" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. నాకు కొంచెం గుచ్చుకుంది కూడా. గుచ్చుకోవాల్సిందే.

తర్వాత అమ్మ వీణకి మరమ్మతు చేయించాను. పనివాడు ఇంటికే వచ్చి, మెట్లన్నీ ఊడదీసి, తేనెమైనంలో మసి కలిపి కొత్తగా మేళకట్టు కట్టాడు. గిటారుకి మెట్లు తయారుచేసేటప్పుడే కొట్టి ఇచ్చేస్తారు. వీణకి అట్లా కాదు. ఒక్కో మెట్టూ తీగ మీటి, చెవితో విని, మైనంలో అదిమి నిలబెట్టాలి. రెండు రోజులు పట్టింది. వదులైన అతుకు బిగించాడు. "పాత చెక్కమ్మా, ఇంకా బతుకుతుంది" అన్నాడు. అపస్వరం పలికే ఆ రెండు మెట్లూ సరయ్యాయి. నా వేలు మాత్రం ఇంకా అలవాటుగా పక్కకే జరుగుతోంది. దానికి మళ్ళీ నేర్పుతున్నాను.

వీణ పెట్టిన మూల అమ్మ మంచానికి ఎదురుగానే ఉంది. ఒకరోజు సాయంత్రం వాయిస్తుంటే అమ్మ మెల్లగా మంచం దిగి, వాకర్ పట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చుంది. నలభై ఏళ్ళు దీన్ని తుడిచింది, కొబ్బరినూనె రాసింది, బట్ట కప్పింది. ఒక్కసారి కూడా తీగ ముట్టలేదు.

"నువ్వూ ఒకసారి మీటు మా" అన్నాను.

"నేనా? ఊరుకో పాపా. పేడ తీసిన చేతులు."

"నావి మాత్రం? సంగటి కెలికినవే కదా."

వీణని ఆమె మోకాళ్ళ దగ్గరికి జరిపాను. వంకర తిరిగిన చూపుడువేలుతో మంద్రం తీగని అట్లా లాగి వదిలింది. చప్పుడు పూర్తిగా ఆగేదాకా తల వంచి విన్నది. అది ముందుకంటే చాలాసేపు మోగింది.

"పద్దెనిమిది వందలు" అంది అమ్మ. "మీ నాయన వినింటే బాగుండు."